బొమ్మల టబ్బు తీసేశాక: ఇద్దరు చిన్నపిల్లలున్న రెండు పడగ్గదుల ఇంటి కేస్ స్టడీ

నిజాంపేటలో నాలుగో అంతస్తులో అద్దె ఫ్లాట్. రెండు పడగ్గదులు, హాలు, దాన్ని ఆనుకుని భోజనాల బల్ల, చిన్న బాల్కనీ. అంతా కలిపి 1,050 చదరపు అడుగులు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. యూకేజీ చదివే ఐదేళ్ల పాప, ఇరవై నెలల బాబు, పగలంతా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే నానమ్మ. పనమ్మాయి పొద్దున వచ్చి గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి వెళ్తుంది. ఎవరిల్లో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం.

వాళ్ళ ఫిర్యాదు ఒక్క ముక్కలో ఇది: "ఎంత సర్దినా గంటలో మళ్ళీ మామూలే." ఇల్లు సర్దుకోవడంపై సలహా ఇచ్చే మమ్మల్ని అడిగింది కూడా స్పష్టంగానే అడిగారు. గోడ పొడవునా పెద్ద కప్‌బోర్డు చేయిస్తే సరిపోతుందా, ఏ సైజు చేయించాలి? అద్దె ఇంట్లో లక్ష రూపాయల వడ్రంగి పని పెట్టుకునే ముందు సామాను ఎక్కడ పుట్టి ఎక్కడ పడుతోందో చూడాలని ఆ ప్రశ్నను పక్కన పెట్టించాం.

సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా

ఇల్లు చిందరవందరయ్యేది ఈ నాలుగు గంటల్లోనే. ఇంటి నమూనాను ఒక తెల్లకాగితం మీద గీసి, అరగంటకోసారి బయట పడి ఉన్న ఏ వస్తువు ఎక్కడుందో చుక్క పెట్టమన్నాం. ఏదీ తీయొద్దు, ఎవరినీ అదలించొద్దు. చుక్కలు ఇల్లంతా పడలేదు. సోఫాకీ టీవీకీ మధ్య, గుమ్మం పక్కన, భోజనాల బల్ల మీద, ఈ మూడు చోట్లే గుట్టపడ్డాయి. పిల్లల గది అనుకున్న రెండో పడగ్గదిలో దాదాపు ఏమీ లేదు. అక్కడే బొమ్మలన్నీ ఉండాలని తల్లిదండ్రుల ఏర్పాటు. ఈ వయసు పిల్లలు మనుషులున్న చోటే ఆడతారు. నానమ్మ హాల్లో కూర్చుంటుంది, అమ్మ వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతుంది, కాబట్టి ఆట హాల్లోనే జరుగుతుంది. గదిలో దాచిన బొమ్మ రోజూ హాల్లోకి వస్తుంది, తిరిగి వెళ్ళడానికి మాత్రం పెద్దవాళ్ళ చేతుల కోసం ఎదురుచూస్తుంది.

రెండో సంగతి, 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు. బొమ్మలన్నీ అందులోనే. బాబుకు ఎర్ర కారు కావాలి. అది అడుగున ఉంది. వాడు వెతకడు, బోర్లిస్తాడు. ఒక్క కారు కోసం నేల మీద నలభై వస్తువులు. కారుతో రెండు నిమిషాలు ఆడి, కాళ్ళకు తగిలే మిగతావాటిని అటూ ఇటూ తన్నుకుంటూ వెళ్తాడు. టబ్బు పెద్దవాళ్ళకు మహా సౌకర్యం: రెండు చేతులా ఎత్తి పోస్తే హాలు క్షణంలో శుభ్రం. ఆ సౌకర్యమే మర్నాటి బోర్లింతకు మూలం. టబ్బుల మీద మాకు పెద్ద మమకారం లేదు. ఈ ఇంట్లో మొదట బయటికి వెళ్ళింది అదే, బట్టలు నానబెట్టడానికి.

లెక్క తీస్తే

బొమ్మలన్నీ ఒక దుప్పటి మీద పోసి ఏరాం. విరిగినవి, జత తప్పినవి, బర్త్‌డే పార్టీల్లో రిటర్న్ గిఫ్ట్‌గా వచ్చిన ఈలలు, కీచెయిన్లు, స్ప్రింగులు ఒకవైపు. దాదాపు సగం అక్కడికే పోయింది. వీటిని పిల్లల ముందు ఏరకూడదు. రెండేళ్లుగా ముట్టని విరిగిన బొమ్మైనా చేతికి రాగానే ప్రాణసమానమవుతుంది. అలాగని పాపకు తెలియకుండా ఆమె బాగా ఆడుకునే వస్తువు పారేయడమూ తప్పే. ఒకసారి అలా జరిగితే తర్వాత ప్రతి చిత్తు కాగితానికీ కాపలా కాస్తుంది. ఏదని తేల్చుకోలేనివి ఒక అట్టపెట్టెలో వేసి, మీద తేదీ రాసి, అటక ఎక్కించాం. మూడు నెలల్లో ఎవరూ అడగనిది ఇచ్చేయొచ్చు.

మూడేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంట్లో ఏరివేతకు ఇంకో జల్లెడ తప్పనిసరి. బొమ్మల భద్రతా పరీక్షల్లో చిన్న భాగాలకు ఒక గొట్టం వాడతారు: 31.7 మి.మీ. వ్యాసం, ఏటవాలు అడుగు, లోతు 25.4 నుంచి 57.1 మి.మీ. దాకా. అందులో పూర్తిగా మునిగిపోయే వస్తువు గొంతుకు అడ్డం పడగలదు. ఇంట్లో చార్టు ముక్క చుట్టి 32 మి.మీ. లోపలి వెడల్పు, 57 మి.మీ. పొడవు ఉన్న గొట్టం చేసుకుంటే చాలు. ఏటవాలు అడుగు లేనందువల్ల అసలు దానికంటే కాస్త కఠినంగా ఉంటుంది, మంచిదే. బంతులకు కొలత వేరు, 44.5 మి.మీ. కంటే చిన్న బంతి పసివాళ్ళకు వద్దు. ఈ గొట్టంతో చూస్తే పాప పూసలు, బొమ్మ వంటసామాను గరిటెలు, బ్లాకుల్లో చిన్నవి, రబ్బరు బంతులు అన్నీ తమ్ముడికి అందకూడని జాబితాలోకి వెళ్ళాయి.

పాటలు పాడే బొమ్మలు విడిగా చూడాలి. బ్యాటరీ మూతకు స్క్రూ ఊడిపోయి సెలోటేపుతో అంటించినవి ఈ ఇంట్లో రెండు దొరికాయి. లోపల బటన్ సెల్లు (బొత్తాంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ) ఉంటే ఇంకో ఆలోచన వద్దు, వెంటనే తీసేయాలి. మింగిన బటన్ సెల్లు అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రంగా కాలుస్తుంది.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఎగ్జిబిషన్లలో, ఫుట్‌పాత్‌ల మీద కొన్నవాటికి తరచూ ఉండదు. ఆ గుర్తు లేని ప్లాస్టిక్ బొమ్మను వదులుకోవడానికి అదొక తేలిక కారణం. భౌగోళిక గుర్తింపు ఉన్న కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు మాత్రం ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, గుర్తు లేదని పారేయొద్దు. అయితే కొండపల్లి బొమ్మ చూడ్డానికే. పొణికి కర్రతో విడివిడిగా చెక్కిన చేతులు, తలలు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పసివాడు గుంజితే ఊడతాయి. నానమ్మ బొమ్మల కొలువు పెట్టె అలాగే తాళం వేసి అటక మీద ఉంచాం.

హాల్లో అర

పెద్ద కప్‌బోర్డుకు బదులు 90 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. ఎత్తు, 30 సెం.మీ. లోతు, రెండు అరలు, తలుపుల్లేని చెక్క షెల్ఫు చాలింది. సోఫా పక్కన, నానమ్మ కూర్చునే చోటికి ఎదురుగా పెట్టాం. కింది అర బాబుది, పై అర పాపది. అరల్లో ఆరు చిన్న ట్రేలు. ఒక్కొక్కటి ఇంచుమించు 30×20 సెం.మీ., లోతు 15 సెం.మీ. దాటకూడదు. అంతకంటే లోతైతే అడుగు కనబడదు, కనబడకపోతే మళ్ళీ బోర్లింతే. మూతలు వద్దు. మూత తీయడం పిల్లలకు ఆటే, పెట్టడం మాత్రం చాకిరీ.

ట్రేలకు మొదట ఇంగ్లిషులో లేబుళ్ళు అంటించారు, అందంగా ప్రింటు తీసి. చదవగలిగేది పెద్దవాళ్ళే కనుక అవి ఇంటికొచ్చిన చుట్టాలకే పనికొచ్చాయి. వాటి బదులు బొమ్మ కొన్న అట్టపెట్టె మీది ఫొటో కత్తిరించి, ట్రే ముందువైపూ లోపలి అడుగునా వెడల్పాటి టేపుతో అంటిస్తే ఇరవై నెలలవాడికీ తెలుస్తుంది. అడుగున అంటించిన ఫొటోయే ముఖ్యం. ట్రే ఖాళీగా ఉన్నప్పుడే కదా ఏది ఎక్కడిదని అడిగేది.

షెల్ఫు ఎంత పొట్టిదైనా గోడకు బిగించాల్సిందే. 2016లో ఐకియా అమెరికాలో సుమారు 2.9 కోట్ల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది, పిల్లలు ఎక్కినప్పుడు మీద పడి ప్రాణాలు పోయాక. పై మూలల్లో రెండు ఎల్ యాంగిళ్ళు, 8 మి.మీ. నైలాన్ ప్లగ్గులు, 50 మి.మీ. స్క్రూలు సరిపోతాయి. ప్లాస్టరింగులోనే ఆగిపోతే పట్టు ఉండదు, వెనకున్న ఇటుక దాకా దిగాలి. డ్రిల్లు వేస్తే ఎర్రటి పొడి వస్తే ఇటుక; బూడిద-తెలుపు పొడి వస్తూ, డ్రిల్లు వెన్నలో దిగినట్టు దిగితే తేలికపాటి ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే సిమెంటు దిమ్మ). దానికి మామూలు ప్లగ్గు వదులైపోతుంది, ఏఏసీకని అడిగి తెచ్చుకోవాలి. ఇంటి ఓనరు రంధ్రాలు వద్దన్నారు. ఖాళీ చేసేటప్పుడు వాల్ పుట్టీతో పూడ్చి, అదే రంగు వేయిస్తామని చెబితే రెండింటికి ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే ఆ షెల్ఫు పెట్టొద్దు, ట్రేలు నేల మీదే వరసగా పెట్టండి.

ఒకేసారి బయట ఉండే వస్తువులు పన్నెండు: బాబుకు ఐదు, పాపకు ఏడు. మిగతావి మూడు మూతపెట్టెల్లో పడగ్గది బీరువా పైన. తల్లికి ఇది మరీ తక్కువనిపించింది. 2018లో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో 18 నుంచి 30 నెలల పిల్లలు 36 మందిని ఒకసారి నాలుగు బొమ్మలతో, ఇంకోసారి పదహారు బొమ్మలతో ఆడనిచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఇంట్లో నాలుగే ఉండాలని దీని అర్థం కాదు. ఎదురుగా పదహారు ఉంటే చూపు నిలవదన్నంతే.

పెట్టెలు మార్చడం పక్షానికోసారి. వారం వారం అనుకుంటే మూడో వారానికి మానేస్తారు. మొత్తం ఒకేసారి మార్చొద్దు, సగం ఉంచి సగం మార్చాలి. లేకపోతే ఆట మధ్యలో ఉన్న ఇల్లు, రైలు మాయమై పాప గోల పెడుతుంది. పెట్టెలు లోపల కనబడనివై ఉండాలి. పారదర్శకమైనవి తెస్తే బాబు రోజూ బీరువా కింద నిలబడి చెయ్యి చాపుతాడు.

పాప వస్తువులు, బాబు నోరు

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ తర్జనభర్జన దీనికే. పాపకు ఐదేళ్లు, పూసలు, కత్తెర, చిన్న బ్లాకులు ఆమె వయసుకు కావాల్సినవే. తమ్ముడున్నాడని అన్నీ తీసేస్తే ఆమెకు అన్యాయం. తమ్ముడు నిద్రపోయే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు సెలవురోజుల్లో ఆమెది, బడి రోజుల్లో రాత్రి బాబు పడుకున్నాక అరగంట. చిన్న భాగాలవి 140 సెం.మీ. ఎత్తున, గొళ్ళెం ఉన్న అరలో. ఆడేది భోజనాల బల్ల మీదే, నేల మీద కాదు. బల్ల మీద అంచులున్న పెద్ద ప్లాస్టిక్ ట్రే పెడితే పూసలు దొర్లిపోవు. ఆట సగంలో ఆపాల్సి వస్తే ట్రేతో సహా ఎత్తి పై అరలో పెట్టొచ్చు. "రేపు మిగతాది" అన్న భరోసా ఉంటే పాప పేచీ పెట్టకుండా లేస్తుంది.

పెద్ద బ్లాకులకు పాత దుప్పటి. దాని మీదే పోయాలి, ఆట అయ్యాక నాలుగు కొసలూ కలిపి ఎత్తి ట్రేలోకి జారవిడవాలి. బజార్లో అమ్మే తాడు బిగించే సంచులు ఇదే పని చేస్తాయి కానీ పసివాడున్న ఇంట్లో పొడుగాటి తాడు మెడకు ప్రమాదం.

గుమ్మం

చెప్పులు, బడి సంచి, నీళ్ళ సీసా, క్యారేజీ, ఐడీ కార్డు, రెయిన్‌కోటు. ఇవన్నీ దిగేది తలుపు తీసిన రెండడుగుల్లోనే. పాప భుజం ఎత్తు కొలిస్తే 85 సెం.మీ.; కొక్కేలు ఆ ఎత్తుకే బిగించాం. అంతకుముందు పెద్దల ఎత్తులో ఉన్న హ్యాంగరు కింద బడి సంచి పడేసి ఉండేది, పాప బద్ధకస్తురాలని పేరు. ఎత్తు తగ్గించాక ఆ పేరు పోయింది. కొక్కేలు మొండివిగా, గుండ్రంగా ఉండాలి. ఆ ఎత్తు బాబు కంటికి దగ్గర.

క్యారేజీ సంచిలోనే ఉండిపోయి మర్నాడు కంపుకొట్టడం చాలా ఇళ్ళలో ఉన్నదే. వంటింటి గుమ్మం దగ్గర ఒక చిన్న స్టీలు బేసిను నేల మీద పెట్టి, క్యారేజీ, సీసా అందులో వేయడమే పాప పని అన్నాం. కడగడం పెద్దల పని. బడి నుంచి వచ్చే కాగితాలకు రెండు క్లిప్పులు: సంతకం చేయాల్సినవి ఒకటి, తేదీ ఉన్నవి ఒకటి. పాప గీసిన బొమ్మలు వారానికి ఒకటి ఎంచి ఫైల్లో పెట్టి, మిగతావి ఫొటో తీసి పాత పేపర్లలో కలపడం.

గోడ, బట్టలు, వంటిల్లు

హాలు గోడకు డిస్టెంపరు. క్రేయాన్ గీతలు తుడిస్తే గీతతో పాటు రంగూ లేస్తుంది, అక్కడో తెల్లమచ్చ. డిస్టెంపరు మీద మెలమైన్ స్పాంజీ (మరకలను రుద్ది తీసే తెల్ల స్పాంజీ), వంటసోడా రెండూ వద్దు, అవి కడగగలిగే ఎమల్షన్ గోడలకే. ఇక్కడ చేసిందల్లా స్టేషనరీ షాపులో దొరికే చుట్టగలిగే నల్లబోర్డు గుడ్డను నేలకు తాకేలా తగిలించడం, క్రేయాన్లు పై అరకు మార్చడం. సుద్దపొడి దులపాల్సి వస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే.

బట్టల విషయంలో అసలు రద్దీ పొట్టివైపోయిన వాటిది. పాపవి బాబుకు, బాబువి పుట్టబోయే మేనల్లుడికి, ఇలా అన్నీ దాచారు. ఒక సైజుకు ఒక మూట, మూట మీద వయసు రాసి, రెండు మూటలే. మిగతావి స్టీలు సామాన్లవాడికి ఇవ్వడం నానమ్మకు నచ్చింది. ఊరికే పారేయడం కంటే ఒక గిన్నె రావడం ఆమె లెక్కకు సరిపోయింది. మూటల్లో ఆమె వేస్తున్న కలరా ఉండలు మాత్రం ఆపించాం. పసివాళ్ళు చక్కెరబిళ్ళ అనుకుని నోట్లో వేసుకుంటారు. జి6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకైతే ఈ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఎండిన వేపాకు, ఎండలో ఆరేసిన గుడ్డ చాలు.

వంటింట్లో బాబు సొరుగులన్నీ లాగుతున్నాడు. ఒక కింది సొరుగు వాడికే వదిలాం: స్టీలు గిన్నెలు మూడు, చెక్క గరిటె, మూతలు రెండు. మిగతా కింది సొరుగులకు చైల్డ్ లాకులు. ఫినాయిలు, గిన్నెల సబ్బు, బాత్‌రూము యాసిడ్ సింకు కిందనుంచి పైకి. ఈ మూడిటినీ ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పోయడం ఇక్కడా ఉంది. మూత ఎంత గట్టిదైనా ఆ పని చేయకూడదు.

సర్దే వేళ

తల్లిదండ్రులు సర్దించే సమయం రాత్రి తొమ్మిదిన్నర, నిద్ర ముంచుకొచ్చే వేళ. ఏడుపుతో ముగిసేది. దాన్ని రాత్రి అన్నానికి ముందుకు, ఏడున్నరకు జరిపాం. ఆకలి ఉంటుంది, దాని వెనకే అన్నం వస్తుందని తెలుస్తుంది. పది నిమిషాలకంటే ఎక్కువ పట్టిందంటే బయట వస్తువులు ఎక్కువయ్యాయని అర్థం. పిల్లల్ని కసరడం కాదు, పెట్టెలోకి నాలుగు పంపాలి.

"సర్దు" అనే మాట ఐదేళ్లలోపు పిల్లలకు అంతుపట్టదు. అందులో పది పనులున్నాయి. "కార్లన్నీ ఈ ట్రేలో" అంటే ఒకే పని. బాబు చేయగలిగింది వేయడం మాత్రమే, అదీ ట్రే పక్కన పట్టుకుంటే. వేసిన మరుక్షణం తీస్తాడు కూడా, అప్పుడు ట్రే అరలో పెట్టేసి ఇంకోటి చూపాలి. పాప రకాలుగా ఏరగలదు. ఆమెకు "రెండు ట్రేలు నీవి, రెండు నావి" అని పంచుకుంటే పని కదులుతుంది. చాక్లెట్లు ఆశ పెట్టడం మేం వద్దంటాం. రెండో వారానికి చాక్లెట్ ధర పెరుగుతుంది.

నిలవనివి

మూడో వారంలో నేల మళ్ళీ నిండింది. కారణం వెతికితే నానమ్మ. బాబు ఏడ్చినప్పుడల్లా బీరువా పైనుంచి ఒక్కో పెట్టె దించి ఇస్తోంది. "ఏడిపించి ఏం సాధిస్తామమ్మా" అని ఆమె మాట. కోడలు ఆమెను వారించలేదు, వారించమని చెప్పడమూ మా పని కాదు. పగలంతా పిల్లాణ్ణి మోసేది ఆవిడ. అందుకని ఆమెకే ఒక చిన్న డబ్బా ఏర్పాటు చేశాం: నాలుగు వస్తువులు, ఆమె దివాన్ దగ్గర, ఏడుపు వేళ తీసేందుకు. "ఇది మీ పెట్టె అత్తయ్యా, వాడికి మీరు ఇస్తేనే" అని కోడలు అప్పగించింది. బీరువా మీదివి ఆ తర్వాత కదల్లేదు. ఇలాంటి ఇళ్ళలో పెద్దవాళ్ళ చేతికి ఏ అధికారమూ ఉంచని పథకం నెల తిరగదు.

పాప పుట్టినరోజుకు ఒక్క సాయంత్రం వచ్చిన కానుకలు అరలో ఉన్నవాటిని మించాయి. ఆ రోజు మూడు విప్పి, మిగతావి కట్టు విప్పకుండా పెట్టెల్లోకి పంపితే రాబోయే నెలల మార్పిడికి సరుకు దొరికింది. ఐఎస్ఐ గుర్తున్నవి కొన్ని ఇంకొకరి పుట్టినరోజుకు వెళ్ళాయి. మొహమాటం అక్కర్లేదు, అందరిళ్ళలో జరిగేదే.

భోజనాల బల్ల తేలలేదు. ల్యాప్‌టాపు, కరెంటు బిల్లు, కూరగాయల సంచి, నానమ్మ మాత్రలు అన్నీ అక్కడే వాలుతున్నాయి. అవి పెద్దలవి, పిల్లల వస్తువులకు వేసిన పథకంతో అవి సర్దుకోవు. మాత్రలు మాత్రం వెంటనే పైకి పెట్టించాం. బాల్కనీలో బట్టలారేసే కప్పీ తాళ్ళు కూడా బాబుకు అందేంత వేలాడుతుంటే గోడ కొక్కేనికి చుట్టించాం.

ఖర్చు మొత్తం షెల్ఫు, ట్రేలు, కొక్కేలు, లాకులు కలిపి ఆరు వేలలోపు. వడ్రంగి కప్‌బోర్డు అవసరం రాలేదు. గొళ్ళెం అరలోని చిన్న భాగాలు కిందికి దించడం బాబుకు మూడేళ్లు నిండాకే, అదీ వాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం మానాడని చూసుకుని, ఒక్కో ట్రే చొప్పున. మొదట బ్లాకులు, పూసలు ఆఖరున.